ఒకే టైరుకు మళ్ళీ మళ్ళీ పంక్చరు ఎందుకు?

సైకిలు పంక్చరు కావడం విడిగా చూస్తే చిన్న ఇబ్బందే. దారిలో షాపు దొరికితే పావుగంటలో పని అయిపోతుంది, ఖర్చూ పెద్దగా ఉండదు. కానీ అదే చక్రానికి సోమవారం ఒకసారి, గురువారం ఒకసారి, మళ్ళీ వచ్చే మంగళవారం ఇంకోసారి గాలి పోతే అది చిన్న ఇబ్బంది కాదు. తెల్లవారుజామున పేపర్లు వేసే కుర్రాడికి, షిఫ్టు మారే వేళకు గేటు దగ్గర ఉండాల్సిన వాచ్‌మన్‌కు, నాలుగు కిలోమీటర్ల అవతలి హైస్కూలుకు వెళ్ళే ఆడపిల్లకు అది కూలి పోవడం, మాట పడడం, పాఠం తప్పిపోవడం. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిలు ఉంది. ఇన్ని ఇళ్ళలో ఉన్న వాహనాన్ని రోజూ పనికి తీసుకెళ్ళడం మానేసి గోడకు ఆనించెయ్యడానికి కారణాలు చాలా ఉండొచ్చు. ‘ఎప్పుడు గాలి పోతుందో తెలియదు’ అన్న అపనమ్మకం మాత్రం వాటన్నిటిలోకీ తేలిగ్గా తొలగించగలిగినది. వరసగా పడే పంక్చర్లను దురదృష్టం ఖాతాలో వెయ్యడం తప్పని నా వాదన. మొదటి పంక్చరుకు కారణమైనది టైరులోనో, రిమ్ములోనో, చాలీచాలని గాలిలోనో అలాగే మిగిలిపోతుంది. మనం ట్యూబుకు అతుకు వేసి, కారణాన్ని దాని పక్కనే ఉంచి, మళ్ళీ చక్రం బిగిస్తాం.

ఈ మాట నిలబడాలంటే ముందు యాదృచ్ఛికతకు దక్కాల్సిన వాటా దానికి ఇచ్చెయ్యాలి. సగటున నెలకు ఒక పంక్చరు పడే దారి ఉందనుకుందాం. నెలకు ఒకటి అంటే సరిగ్గా ముప్పై రోజులకోసారి గడియారం చూసుకుని పడుతుందని కాదు. ఇంటర్మీడియట్ గణితంలో వచ్చే పాయిజాన్ విభాజనంతో లెక్క కడితే, ఏదైనా ఒక వారంలో రెండు గానీ అంతకు మించి గానీ పంక్చర్లు పడే అవకాశం 2.3 శాతం దాకా ఉంటుంది. తక్కువే అనిపిస్తుంది. కానీ ఏడాదికి 52 వారాలు. కాబట్టి ఏ తప్పూ లేని సైకిలుకు కూడా ఏడాదికోసారి ‘ఈ వారం రెండుసార్లు పంక్చరయింది’ అని విసుక్కునే వారం రావడం మామూలే. అంటే పంక్చర్లు దగ్గర దగ్గరగా పడ్డాయన్న ఒక్క కారణంతో ఏదో లోపం ఉందని తేల్చెయ్యలేం. ఈ అభ్యంతరం న్యాయమైనదే. దీనికి జవాబు తేదీల్లో దొరకదు, కన్నం పడిన చోటులో దొరుకుతుంది.

మన పాత 28 అంగుళాల సైకిలు చక్రం చుట్టుకొలత సుమారు 220 సెంటీమీటర్లు. రోడ్డు మీది ముల్లుకు, గాజుముక్కకు చక్రంలో ఒక చోటు మీద ప్రత్యేకమైన పగ ఏమీ ఉండదు. ఎక్కడైనా గుచ్చుకోవచ్చు. అలాంటప్పుడు రెండో కన్నం మొదటి కన్నానికి అటూ ఇటూ రెండున్నర సెంటీమీటర్ల లోపు పడే అవకాశం 220లో 5, అంటే 44లో ఒకటి. మూడోదీ అక్కడే పడే అవకాశం రెండు వేలలో ఒకటికి దగ్గరగా ఉంటుంది. కాబట్టి కన్నాలు ఒకే చోట పడుతుంటే అదృష్టాన్ని తిట్టుకోవడం ఆపి, ఆ చోట టైరులో ఏముందో వెతకాలి. చక్రమంతటా చెదురుమదురుగా పడుతుంటే దారినో, టైరు అరుగుదలనో అనుమానించాలి. అన్నీ ట్యూబు లోపలివైపు, అంటే రిమ్ము వైపే ఉంటే రోడ్డుకు ఆ నేరంతో సంబంధమే లేదు. ఈ మూడు రకాలను వేరుచేసి చూడడానికి ఏ పరికరమూ అక్కర్లేదు, చోటు గుర్తుంటే చాలు. టైరు మీద అచ్చువేసిన కంపెనీ పేరును వాల్వుకు ఎదురుగా ఉండేలా బిగించుకుంటే ట్యూబు మీది ఏ చోటు టైరు మీది ఏ చోటుకు చెందుతుందో ఎప్పుడైనా చెప్పవచ్చు. విప్పేటప్పుడు ట్యూబు తిరగబడి, ఏ వైపు కుడో ఏ వైపు ఎడమో తెలియకపోయినా నష్టం లేదు. వాల్వు నుంచి కన్నం ఎంత దూరంలో ఉందో కొలిచి, టైరు మీద వాల్వుకు రెండు వైపులా అంతే దూరంలో చూడాలి. వెతకాల్సిన చోట్లు రెండే.

వెతికితే దొరికేవాటిలో అన్నిటికన్నా మొండిది ఉక్కు తీగ ముక్క. లారీల, కార్ల రేడియల్ టైర్లలో రబ్బరు కింద సన్నని ఉక్కు పోగులతో పేనిన పొర ఉంటుంది. పోగు మందం మిల్లీమీటరులో మూడో వంతు, చాలాసార్లు అంతకన్నా తక్కువ. హైవే మీద లారీ టైరు పగిలి ముక్కలైనప్పుడు, ధర్నాలో పాత టైర్లు తగలబెట్టినప్పుడు, వద్దని ఎంత చెప్పినా వినకుండా భోగి మంటల్లో టైర్లు వేసినప్పుడు రబ్బరు కాలిపోతుంది, తీగలు మిగులుతాయి. అవి విరిగి, చిన్న ముక్కలై, దుమ్ములో కలిసిపోతాయి. అలాంటి ముక్క సైకిలు టైరులో దిగితే బయటికి దాని చుక్క కూడా కనిపించదు. లోపలికి పొడుచుకు వచ్చేది అర మిల్లీమీటరే. మనిషి కూర్చుని చక్రం నలిగినప్పుడు కొస బయటికి వస్తుంది, బరువు తీసేస్తే రబ్బరులోకి ముడుచుకుంటుంది. అందుకే ట్యూబు తీసిన ఖాళీ టైరులో వేలు పోనిచ్చి ‘ఏమీ లేదు’ అనుకోవడం సులువు. టైరును లోపలి వైపు బయటికి వచ్చేలా వంచి, ఆ చోట దూది ఉండను రుద్దితే దూది పోగు తీగకు చిక్కుతుంది. వేలితో అయితే చర్మం తెగుతుంది. దొరికాక సన్నని పట్టకారుతో బయటి వైపు నుంచి లాగెయ్యాలి.

గాజు పద్ధతి వేరు. పగిలిన సీసా ముక్క చాలాసార్లు తగిలిన వెంటనే ట్యూబు దాకా పోదు, టైరు పై రబ్బరులో చిన్న గాటు పెట్టి అందులో కూర్చుంటుంది. ఆ చక్రం కిలోమీటరుకు 450 సార్లు తిరుగుతుంది. ఆఫీసు పది కిలోమీటర్లయితే పోనూ రానూ తొమ్మిది వేల సార్లు ఆ ముక్క మనిషి బరువు కింద నలుగుతుంది. నలిగిన ప్రతిసారీ కొంత లోపలికి జరుగుతుంది. ఈరోజు గాలి పోవడానికి కారణమైన గాజు పదిహేను రోజుల కిందట ఎక్కింది కావచ్చు. ఇవాళ వెళ్ళిన దారిని నిందించడంలో ఉన్న పొరపాటు ఇక్కడ తెలుస్తుంది. వారానికోసారి చక్రం చేత్తో తిప్పుతూ, గాట్లలో ఇరుక్కున్న ముక్కలను సన్నని మేకు మొనతో పెకలించేవాడు పడబోయే పంక్చర్లను ముందే ఆపినట్టు.

ఇక రోడ్డుకు సంబంధం లేని కన్నాలు. రిమ్ము లోపల స్పోకుల చివర్లు, వాటి కన్నాలు ట్యూబుకు తగలకుండా రబ్బరు పట్టీ గానీ గుడ్డ టేపు గానీ ఉంటుంది. అది పక్కకు జరిగినా, ఎండకు ఎండి చీలినా, కొత్త స్పోకు వేసినప్పుడు దాని కొస ఎక్కువ పొడవు మిగిలినా ట్యూబు కడుపు వైపు కన్నం పడుతుంది. టైరును ఎంత ఖరీదైనది మార్చినా ఈ పంక్చరు ఆగదు. పదిహేను ఇరవై రూపాయల పట్టీ మార్చితే ఆగుతుంది. టైరు మార్చండని చెప్పడం తేలిక కాబట్టి చాలామంది టైరే మారుస్తారు. తరవాత కూడా గాలి పోతే సైకిలే మంచిది కాదన్న తీర్మానానికి వస్తారు. వాల్వు మొదట్లో చిరుగు పడుతుంటే అదీ వేరే కథ. గాలి తక్కువైన టైరు బ్రేకు వేసినప్పుడల్లా రిమ్ము మీద కొంచెం కొంచెంగా జారుతుంది, ట్యూబును కూడా లాగుతుంది. రిమ్ము కన్నంలో ఇరుక్కున్న వాల్వు కదలలేదు కాబట్టి దాని మొదలు చిరుగుతుంది. వాల్వు నిటారుగా కాక ఒక పక్కకు వాలి కనిపిస్తుంటే ఇది జరుగుతోందని గుర్తు.

గాలి విషయం దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే రోజూ తిరిగే సైకిళ్ళకు జరిగే నష్టంలో అది చేసేది చాలా ఉంది. టైరు నేలను ఎంత మేర తాకుతుందో సుమారుగా తెలుసుకోవడానికి చక్రం మీది బరువును గాలి ఒత్తిడితో భాగిస్తే చాలు. మనిషి, సైకిలు, సంచీ కలిపి 90 కిలోలనుకుందాం. నిటారుగా కూర్చుని తొక్కే మన సైకిళ్ళలో అందులో 60 శాతం, అంటే 54 కిలోలు, వెనక చక్రం మీద పడుతుంది. ఒత్తిడి 50 పీఎస్‌ఐ ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకు మూడున్నర కిలోలు, టైరు నేలను తాకే మేర 15 చదరపు సెంటీమీటర్లు. గాలి సగమై 25 పీఎస్‌ఐకి పడిపోతే అది 31కి పెరుగుతుంది. అంటే నేల మీది ముళ్ళకు, ముక్కలకు రెట్టింపు చోటు అప్పగించినట్టే. అంతకన్నా పెద్ద ప్రమాదం గుంత అంచు. గాలి తక్కువైన టైరు గుంత అంచు మీదనో స్పీడు బ్రేకరు మీదనో పడినప్పుడు రిమ్ము అంచుల దాకా నలిగిపోతుంది, మధ్యలో ట్యూబు రెండు చోట్ల నొక్కుకుని తెగుతుంది. పాము కాటులా పక్కపక్కనే రెండు కన్నాలు కనిపిస్తే అక్కడ ముల్లు కోసం వెతకడం దండగ. దానికి మందు పంపు. ట్యూబుకు ఒక కన్నమే కనిపించి అతుకు వేశాక కూడా గాలి పోతుంటే, రెండో కన్నం మీద ఎవరి కన్నూ పడలేదన్నమాట.

పంక్చరు లేకుండానే గాలి ఎందుకు తగ్గుతుందన్నది సహజమైన ప్రశ్న. రబ్బరు చూడ్డానికి సందు లేనిదే గానీ, గాలి అణువులు దాని పొడవైన గొలుసుల మధ్య నుంచి నెమ్మదిగా దూరి బయటపడతాయి. 1937లో అమెరికాలో స్టాండర్డ్ ఆయిల్ రసాయన శాస్త్రవేత్తలు తయారుచేసిన బ్యూటైల్ రబ్బరు ఈ విషయంలో సహజ రబ్బరు కన్నా ఎంతో మేలు. దాని గుండా గాలి జారేది సుమారు పదో వంతే. అయినా సున్నా కాదు. చవక ట్యూబుల్లో సహజ రబ్బరు వాడకం ఇంకా ఉంది. పైగా సైకిలు ట్యూబులో పట్టే గాలి రెండున్నర లీటర్లు, కారు టైరులో దానికి పదింతల దాకా ఉంటుంది. ఒకే అంత గాలి జారినా కారుకు తెలియదు, సైకిలుకు తెలుస్తుంది. కారుకు నెలకోసారి చాలే పని సైకిలుకు వారం పది రోజులకోసారి చెయ్యక తప్పకపోవడానికి కారణం ఇదే. మన మామూలు సైకిళ్ళ వాల్వులో మరో బలహీనత ఉంది. లోపలి పిన్ను మీద తొడిగిన సన్నని రబ్బరు గొట్టమే అక్కడ తలుపు. ఏడాదిలోనో రెండేళ్ళలోనో అది ఎండి పగుళ్ళు ఇస్తుంది. ట్యూబును నీళ్ళ తొట్టిలో ఎంత తిప్పినా బుడగ రాకుండా, పొద్దునకల్లా గాలి మాత్రం దిగిపోతుంటే వాల్వు మూతి మీద నీటి చుక్క పెట్టి చూడాలి. బుడగ అక్కడ లేస్తుంది. రూపాయల్లో అయిపోయే ఆ రబ్బరు గొట్టం మార్చకుండా, ట్యూబునే పారేసినవాళ్ళు ఉన్నారు.

నిండా గాలి కొట్టమంటే మన ప్రాంతంలో వెంటనే వచ్చే అభ్యంతరం ఎండలు. రామగుండంలో, రెంటచింతలలో మే నెల ఎండకు నిండుగా గాలి ఉన్న టైరు పేలిపోతుందని, అందుకని వేసవిలో కాస్త తక్కువే కొట్టించాలని గట్టి నమ్మకం. లెక్క చూద్దాం. పొద్దున 30 డిగ్రీల సెల్సియస్ వద్ద గేజి 50 పీఎస్‌ఐ చూపేలా కొట్టామనుకుందాం. గేజి చూపేది వాతావరణ పీడనానికి పైన ఉన్నది, కాబట్టి లోపలి అసలు ఒత్తిడి సుమారు 65. మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన సైకిలు టైరు 60 డిగ్రీలకు కాగిందనుకుంటే, పరమ ఉష్ణోగ్రత 303 నుంచి 333కు పెరిగింది, అంటే పది శాతం. ఒత్తిడీ పది శాతమే పెరిగి 71 అవుతుంది, గేజి మీద 56. అంతటి ఎండకు పెరిగింది ఆరు పీఎస్‌ఐ. టైరు పక్కన అచ్చువేసిన గరిష్ఠ హద్దుకు కాస్త కిందుగా కొట్టుకుంటే ఈ పెరుగుదలకు చోటు ఉంటుంది. మరి ఎండలో ఢామ్మని పేలిన టైర్ల సంగతేమిటి? అవి పేలిన మాట నిజమే. కానీ గాలి ఒత్తిడిని మోసేది ట్యూబు కాదు, టైరులోని నూలు లేదా నైలాన్ పోగుల అల్లిక. పక్క భాగం కోసుకుపోయిన టైరులోంచి, అంచు రిమ్ములో సరిగా కూర్చోని టైరులోంచి ట్యూబు బయటికి ఉబ్బితేనే ఆ శబ్దం వస్తుంది. అలాంటి టైరు ఉంచుకుని గాలి తగ్గించడం వల్ల పేలుడు కొన్నాళ్ళు వాయిదా పడుతుంది, ఈలోగా రిమ్ము కాట్లు మొదలవుతాయి. మార్చాల్సింది టైరును.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. గాలి బిగువుగా ఉన్న టైరు రాయి మీద మెత్తగా ఒదగదు, గాజు అంచు దాని రబ్బరును తేలిగ్గా కోస్తుంది కదా అంటారు. ఇందులో నిజం ఉంది. పట్టినంత గాలీ కొట్టడం సరైన జవాబు కాదు. సైకిలు టైర్ల మీద ఏళ్ళ తరబడి కొలతలు తీసిన అమెరికన్ రచయిత ఫ్రాంక్ బెర్టో సూచించిన హద్దు వాడుకకు అనువైనది: మనిషి కూర్చున్నప్పుడు టైరు తన ఎత్తులో 15 శాతం కుంగాలి. నలభై మిల్లీమీటర్ల టైరుకు అది ఆరు మిల్లీమీటర్లు. అంతకన్నా తక్కువ కుంగితే కుదుపు, కోత. ఎక్కువ కుంగితే రిమ్ము కాటు. బరువైన మనిషికి, వెనక క్యారియర్ మీద పాల క్యాన్లు కట్టుకునేవాడికి గాలి ఎక్కువ కావాలి, ముందు చక్రానికి వెనకదాని కన్నా తక్కువ చాలు. బొటనవేలితో నొక్కి చూసుకునే అలవాటు ఈ తేడా పట్టుకోలేదు. టైరు గోడ బిగువు, గాలి బిగువు కలిసి వేలికి ఒకటిగానే తగులుతాయి. నలభైకీ అరవైకీ మధ్య తేడా చెప్పగల వేళ్ళు అరుదు. గేజి ఉన్న పంపు ఒకటి ఇంట్లో ఉండడం ఖరీదైన టైరు కన్నా ముందు చెయ్యాల్సిన ఖర్చు.

అతుకు ఊడిపోవడం కూడా మళ్ళీ మళ్ళీ వచ్చే పంక్చర్లలో లెక్కకు రావాలి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుక్కున్న వల్కనీకరణం వల్ల రబ్బరు గొలుసులు గంధకంతో ఒకదానికొకటి ముడిపడతాయి. అందుకే ట్యూబు ఎండకు కరగదు, అందుకే దానికి ఏదీ అంత తేలిగ్గా అతుక్కోదు కూడా. గరుకు కాగితంతో గీకడం ఎందుకంటే పైన ఉన్న ముదిరిన పొర, అచ్చు నుంచి వచ్చిన పొడి పోయి కొత్త రబ్బరు పైకి రావాలి. సొల్యూషన్ అంటే ద్రావకంలో కరిగించిన ముడిపడని రబ్బరు. ద్రావకం పూర్తిగా ఎగిరిపోయాక, వేలికి జిగట తగలనంతగా ఆరాక అతుకు పెట్టి నొక్కాలి. తడిగా ఉండగానే అంటించేస్తే ద్రావకం కింద చిక్కుకుపోతుంది, రెండు రోజుల ఎండకు అతుకు అంచు లేస్తుంది. పంక్చరు షాపు మనిషికి ఇది తెలియదని కాదు. తెలిసినవాళ్ళలో అతనే మొదటివాడు. కానీ పక్కన నిలబడి ‘తొందరగా కానివ్వన్నా’ అనే మనం అతనికి ఆ నాలుగైదు నిమిషాలు ఇవ్వం. అతనికి దక్కేది అతుకుకు ఇంత అని. టైరు లోపల తీగ కోసం వెతికిన శ్రమకు విడిగా పైసా రాదు. మంచి మెకానిక్కులు అయినా వెతుకుతారు. వెతకమని అడిగి, ఆ పనికి పది రూపాయలు వేరుగా ఇవ్వడం న్యాయం. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చే ఖర్చు కన్నా తక్కువ కూడా.

ఇంత తంటా ఎందుకు, గాలే లేని గట్టి రబ్బరు టైరు వేసేస్తే పోలేదా అని అడిగేవాళ్ళకు చరిత్రలోనే జవాబు ఉంది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకునే నాటికి సైకిళ్ళన్నీ గట్టి రబ్బరు టైర్లవే, పంక్చరన్న మాటే లేదు. అయినా మరుసటి ఏడాది విల్లీ హ్యూమ్ గాలి టైర్ల సైకిలుతో పందేలు గెలిచేసరికి గట్టి టైర్ల కాలం చెల్లింది. గాలి నలిగినప్పుడు పుచ్చుకున్న శక్తిని దాదాపు అంతా తిరిగి ఇస్తుంది. గట్టి రబ్బరు చాలా భాగాన్ని వేడిగా పోగొడుతుంది, కుదుపును రిమ్ముకు, స్పోకులకు, మనిషి నడుముకు పంపుతుంది. రోజుకు ఇరవై కిలోమీటర్లు తొక్కేవాడి కాళ్ళకు ఆ తేడా ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. డన్‌లప్ టైరుకు ఉన్న లోపం అది రిమ్ముకు అంటించి ఉండడం. విప్పి బాగుచేసి ఆరబెట్టడానికి గంటలు పట్టేది. మిషలిన్ సోదరులు 1891లో విప్పదీసే టైరు తెచ్చారు, ఆ ఏడాదే దానితో షార్ల్ తెరాన్ 1,200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెం గెలిచాడు. పంక్చరు సమస్యకు ఇప్పటిదాకా నిలిచిన పరిష్కారం అదే: పంక్చరు పడని చక్రం కాదు, తెరిచి లోపల చూడగలిగిన చక్రం. ఆ సౌకర్యం చేతిలో ఉండి చూడకపోతే పాత రోజుల్లో ఉన్నట్టే.

మందపాటి రక్షణ పొర ఉన్న టైర్లు, కెవ్‌లార్ పట్టీలు, ట్యూబులో పోసే సీలెంటు ద్రవాలు పనికిరావని చెప్పడం లేదు. ష్వాల్బ కంపెనీ మారథాన్ ప్లస్ టైరులో ఐదు మిల్లీమీటర్ల మెత్తని రబ్బరు పొర ఉంటుంది, మామూలు ముళ్ళు, గాజుముక్కలు ఆ లోతు దాటడం కష్టం. కాకపోతే బరువు, ధర రెండూ ఎక్కువ. కెవ్‌లార్ అల్లిక గాజు కోతను బాగా ఆపుతుంది గానీ సన్నని ముల్లు పోగుల మధ్య సందు వెతుక్కుంటుంది. సీలెంటు చిన్న కన్నాలను పూడుస్తుంది, మన వేసవికి తొందరగా ఎండిపోతుంది, తరవాత అతుకు అంటనివ్వదు. ఏ కారణం వల్ల పంక్చరు పడుతోందో తెలిసినవాడు వీటిలో తనకు కావలసినది ఎంచుకోగలడు. తెలియనివాడు రిమ్ము పట్టీ చిరిగిన చక్రానికి వేల రూపాయల టైరు తొడుగుతాడు.

ముళ్ళ దారులకు ఈ రక్షణ నిజంగా అవసరం. పల్లేరు కాయ ఎండితే ఐదు ముక్కలుగా విడిపోతుంది, ప్రతి ముక్కకూ రెండు పెద్ద ముళ్ళు, ఎలా పడినా ఒకటి పైకి చూస్తుంది. మన నేలల మీద ఎప్పటి నుంచో ఉన్న ఈ మొక్క అమెరికా చేరి అక్కడి పశ్చిమ రాష్ట్రాల సైకిలిస్టులకు అతిపెద్ద బెడద అయింది. దాన్ని అదుపు చెయ్యడానికి 1961లో దాని గింజలను, కాండాన్ని తొలిచే రెండు రకాల ముక్కు పురుగులను పనిగట్టుకుని విదేశాల నుంచి తెచ్చి వదిలారు. ఐడహో రాష్ట్రం బాయిసీ నగరంలో జనం ఈ మొక్కలను పీకి బస్తాలకెత్తడాన్ని ఒక ఉత్సవంగా చేసుకుంటారు. ఎదురు దిశలో వచ్చింది సర్కారు తుమ్మ. అమెరికా ఖండాల మొక్క అది. దాని విత్తనాలను 1877లో జమైకా నుంచి తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటడం భారతదేశంలో దాని తొలి నాట్లలో ఒకటిగా అటవీ గ్రంథాలు చెబుతాయి. మేకలు కాయలు తిని గింజలు చల్లాయి, ఇప్పుడు అది లేని రోడ్డు పక్క రాయలసీమలో లేదు. నరికిన కంపను ట్రాక్టర్ల మీద తీసుకెళ్తుంటే రాలే ముళ్ళు తారు మీద పడి ఉంటాయి. ఆ ముల్లు టైరులో దిగాక మొదలంటా విరుగుతుంది. కొస లోపలే ఉండిపోతుంది, రంగు కూడా రబ్బరు రంగులో కలుస్తుంది. అతుకు వేసిన మర్నాడే అదే చోట పంక్చరు పడడానికి పల్లెటూళ్ళలో మొదట అనుమానించాల్సింది దీన్నే.

సైకిలు మనిషి చేతిలో లేనిది ఒకటుంది, అది రోడ్డు అంచు. బస్సులు, కార్ల చక్రాలు తాము నడిచే మేరను రోజంతా ఊడ్చి, మేకులు, గాజు, తీగలు, కంకర అన్నిటినీ పక్కకు తోసేస్తాయి. అవి పోగయ్యేది ఎడమ అంచున, సరిగ్గా సైకిలును పొమ్మని హారన్ కొట్టి నెట్టే చోట. వానకు కొట్టుకొచ్చిన చెత్త కూడా అక్కడే చేరుతుంది. తడి రబ్బరు పొడి రబ్బరు కన్నా తేలిగ్గా తెగుతుంది. కెమిస్ట్రీ ల్యాబులో రబ్బరు బిరడాకు కన్నం చేసేటప్పుడు గ్లిజరిన్ రాసేది ఈ సంగతి తెలిసే. వానాకాలం పంక్చర్లు పెరగడంలో ఈ రెండూ కలిసి పనిచేస్తాయి. పంక్చరు షాపులవాళ్ళే మేకులు చల్లుతారన్న ఆరోపణ గురించి కూడా ఒక మాట. బెంగళూరు ఔటర్ రింగు రోడ్డు మీద ఒక ఉద్యోగి రోజూ ఆఫీసుకు వెళ్తూ అయస్కాంతంతో మేకులు ఏరి కిలోల లెక్కన పోగుచేసిన సంగతి పత్రికల్లో వచ్చింది, పోలీసులూ కొన్ని చోట్ల కేసులు పెట్టారు. అలాంటివి జరగలేదని కాదు. కానీ దాన్నే సాధారణ కారణంగా నమ్మితే, టైరులోంచి తీసిన వస్తువును చూడాల్సిన అవసరమే లేదనిపిస్తుంది. కొత్తగా మెరిసే ఒకేరకం మేకులు అదే మలుపులో పదే పదే దొరికితే ఫిర్యాదు చెయ్యాలి. దొరికింది తుప్పు తీగ, ముల్లు, గాజు అయితే ఆ అనుమానానికి ఆధారం లేదు.

అంచు శుభ్రం చెయ్యడం మునిసిపాలిటీ పని. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి కట్టగలిగినప్పుడు, పనికి వెళ్ళే సైకిళ్ళు నిజంగా నడిచే మామూలు రోడ్ల ఎడమ మీటరును వారానికోసారి ఊడ్పించడం అసాధ్యమేమీ కాదు. ఊడ్చే యంత్రాలు నగరంలో ఇప్పటికే తిరుగుతున్నాయి. డివైడరు పక్క ఊడ్చినంత శ్రద్ధగా అవి ఈ వైపు ఊడిస్తే చాలు. వానల తరవాత ఒకసారి అదనంగా ఊడ్పించాలి. రోడ్డు పక్క సర్కారు తుమ్మ కొట్టించే కాంట్రాక్టులో కంపను అదే రోజు తరలించాలన్న షరతు ఉండాలి. టైర్లు తగలబెట్టిన చోట బూడిదతో పాటు తీగలను కూడా అయస్కాంతంతో ఎత్తించాలి, వాటిని రోడ్డు పక్కకు తోసి వదిలెయ్యకూడదు. ఈ పనులు ఎక్కడ ముందు చెయ్యాలో తెలియాలంటే మళ్ళీ కన్నాల దగ్గరికే రావాలి. ఒక వీధి చివర పంక్చరు షాపులో నెల రోజుల పాటు ట్యూబుల్లోంచి, టైర్లలోంచి తీసినవాటిని ఒక డబ్బాలో వేసి ఉంచితే, ముళ్ళెన్ని, తీగలెన్ని, గాజు ఎంతో, అసలు ఏమీ దొరకని రిమ్ము కాట్లు ఎన్నో ఆ వీధి లెక్క తేలుతుంది.